పాత సీసా వాసన ఏమైంది?

పామర్రు నాలుగు రోడ్ల సెంటరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక రోడ్డు విజయవాడకు, ఒకటి బందరుకు, ఒకటి గుడివాడకు పోతుంది. నాలుగోది కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపు సాగిపోతుంది. ఏ ఆదివారం ఉదయమో ఆ సెంటరులో ఒక సెలూనులో పావుగంట కూర్చుని చూడండి. గడ్డం గీయడం పూర్తికాగానే ముఖం తడిపి పటికముక్క రుద్దుతారు. ఆ తరువాత అరచేతిలో నాలుగు చుక్కల లోషను పోసుకుని చెంపలకు అద్దుతారు. చురుక్కుమంటుంది, మరుక్షణం చల్లబడుతుంది. గది నిండా వాసన పరుచుకుంటుంది.

సరిగ్గా అప్పుడే ఇలాంటి చర్చ ఒకటి మొదలవుతుంది.

"ఇది ఇదివరకటి వాసన కాదోయ్. పేరు మాత్రం మిగిల్చారు" అంటారు రిటైరైన మాష్టారు.

"సీసా మారింది గానీ సరుకు అదే మాష్టారూ. ఓడ బొమ్మ కూడా అదే చూడండి" అంటాడు సెలూను యజమాని.

వంతు కోసం కూర్చున్న కాలేజీ కుర్రవాడు ఊరుకోడు. "మా తాతయ్య దగ్గర పాత సీసా ఉందండీ, ఒకటే ఘాటు. నాకైతే ఇదే బాగుంది."

ముగ్గురిలో ఎవరి మాట నిజం? తీర్పు చెప్పడానికి తొందరపడకండి. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అదెలాగో తెలుసుకోవాలంటే కొంచెం రసాయన శాస్త్రం, కొంచెం చరిత్ర, కొంచెం మన ముక్కు సంగతి తెలియాలి.

ఓడ బొమ్మ అన్నాడు గనుక ఆ సీసా ఓల్డ్ స్పైస్ అని మీరు ఊహించే ఉంటారు. అమెరికాలో షుల్టన్ అనే కంపెనీ ఈ పేరుతో 1937లో మొదట ఆడవారి కోసం ఒక పరిమళాన్ని తెచ్చింది. మగవారి సరుకు ఆ మరుసటి ఏడు, 1938లో వచ్చింది. 1990లో ఈ పేరును ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ కొనుక్కుంది. 2008లో అమెరికాలో పాత వాసనకు "క్లాసిక్" అని పేరు మార్చారు. తెల్ల గాజుసీసా పోయి ప్లాస్టిక్ సీసా వచ్చింది, బూడిదరంగు మూత పోయి ఎర్రమూత వచ్చింది. అప్పటినుంచి ప్రపంచంలో ఎన్నో చోట్ల మన మాష్టారి మాటే వినబడుతోంది: "మసాలా ఘాటు పలచబడింది" అని కొందరు, "అదంతా మీ భ్రమ" అని మరికొందరు.

లోపల ఏమి మారిందో బయటివారు చెప్పడం కష్టం. పరిమళాల తయారీ పద్ధతిని కంపెనీలు బయట పెట్టవు. అందుచేత మనం ఇంతకంటే పాతదైన, కథ బాగా తెలిసిన మరొక మగవారి పరిమళం దగ్గరకు పోదాం.

వాసన లేని ఆకుకు వాసన

1882లో పారిస్ నగరంలో ఊబిగాన్ అనే కంపెనీ "ఫూజేర్ రోయాల్" అనే పరిమళాన్ని అమ్మకానికి పెట్టింది. తయారుచేసినవాడు పాల్ పార్కే. ఫ్రెంచి భాషలో ఫూజేర్ అంటే ఫెర్న్ మొక్క. తమాషా ఏమిటంటే ఫెర్న్ ఆకుకు చెప్పుకోదగ్గ వాసనేమీ లేదు! లేని వాసనను ఊహించి తయారుచేశాడన్నమాట. ఈనాటికీ మగవారి పరిమళాల్లో, షేవింగ్ సబ్బుల్లో, లోషన్లలో ఫూజేర్ తరగతికి చెందినవి లెక్కలేనన్ని ఉన్నాయి.

ఆ పరిమళానికి ప్రాణం కౌమారిన్ అనే పదార్థం. కొన్ని రకాల పచ్చగడ్డిని కోసి ఎండబెడితే తీపి కలిసిన ఒక కమ్మని వాసన వస్తుంది. అదే కౌమారిన్ వాసన. దీనిని 1820లో టోంకా అనే దక్షిణ అమెరికా చెట్టు గింజల నుంచి వేరుచేశారు. 1868లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు గింజల అవసరం లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశాడు. పార్కే వాడినది ఈ ప్రయోగశాల కౌమారిన్నే. కాబట్టి "పాతకాలపు పరిమళాలన్నీ పువ్వులతో చేసినవి, రసాయనాలన్నీ ఈ కాలపువి" అని ఎవరైనా అంటే నమ్మకండి. మగవారి పరిమళాల మూలపురుషుడే సగం ప్రయోగశాలలో పుట్టాడు.

ఈ పెర్కిన్ పేరు కృష్ణా జిల్లావాళ్ళు మరొక కారణంగా కూడా గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఇసుకనేలల్లో చిరువేరు అనే మొక్క దొరికేది. బందరు అద్దకపు బట్టల ఎరుపు రంగు ఆ వేరు నుంచి వచ్చిందే. ఆ ఎరుపు కోసం దేశదేశాల ఓడలు బందరు రేవుకు వచ్చేవి. ఆ వేరులో ఉన్న రంగు పదార్థం అలిజరిన్. 1869లో దానిని కర్మాగారంలో తయారుచేసే పద్ధతి కనిపెట్టినవారిలో పెర్కిన్ ఒకడు. కౌమారిన్ చేసిన మరుసటి ఏడే! తరువాత చిరువేరు అవసరం తగ్గిపోయింది. పెడనలో కలంకారీ బట్టల మీద పటికతో కలిసి ఎర్రగా పండుతున్నది చాలావరకు ఆ కర్మాగారపు అలిజరినే. "పాత ఎరుపు వేరు, ఈ ఎరుపు వేరు" అనే పెద్దలు అక్కడా ఉన్నారు. అణువు మాత్రం ఒకటే. అయితే వేరులో అలిజరిన్‌తోపాటు ఇతర పదార్థాలు కూడా కొద్దికొద్దిగా ఉంటాయి గనుక ఆ పెద్దల మాటను కొట్టిపారేయడానికీ వీలులేదు.

ఫూజేర్ రోయాల్ ఇరవయ్యో శతాబ్దంలో దుకాణాల నుంచి మాయమైంది. 2010లో అదే పేరుతో ఊబిగాన్ కంపెనీ మళ్ళీ విడుదల చేసింది. ఈసారి తయారుచేసినవాడు రోడ్రిగో ఫ్లోరెస్-రూ. ఆయన చేసింది పాతదానికి నకలు కాదు. ఈ కాలానికి తగినట్టు తిరగరాసినది. వాసన చూసినవారు యథాప్రకారం రెండు జట్లయ్యారు. నకలే చేయవచ్చు కదా, మార్చడం దేనికి అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

రాతిపువ్వు చుట్టం

బిరియానీ మసాలాలో వేసే రాతిపువ్వు చూశారా? నల్లగా, ముడతలు పడిన ఎండుటాకులా ఉంటుంది. నిజానికి అది పువ్వూ కాదు, ఆకూ కాదు. శిలీంధ్రమూ, శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. దానిని లైకెన్ అంటారు. ఐరోపాలో ఓక్ చెట్ల బెరడు మీద ఇలాంటిదే ఒక లైకెన్ పెరుగుతుంది. పేరు ఓక్‌మాస్. రాతిపువ్వూ ఇదీ ఒకే కుటుంబానికి చెందినవి. వాన వెలిసిన తరువాత అడవి నేల వాసన లాంటిది ఓక్‌మాస్‌లో ఉంది. ఫూజేర్ పరిమళాలకు గంభీరమైన అడుగు వాసనను ఇచ్చేది అదే.

దానిలో ఒక చిక్కు ఉంది. ఓక్‌మాస్ సారంలో అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రెండు చిన్న అణువులుంటాయి. ఇవి చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీనులకు అతుక్కుంటాయి. మన రక్షణ వ్యవస్థ ఆ ప్రొటీనును చూసి "ఇది మనది కాదు" అనుకుంటుంది, ఆ ఆనవాలు జ్ఞాపకం పెట్టుకుంటుంది. మొదటిసారి మీకేమీ తెలియదు. పదోసారో నూరోసారో లోషను రాసిన చోట ఎర్రబడి, దురదపెట్టి, పొక్కుతుంది. ఒకసారి ఇలా పడకపోవడం మొదలైతే సాధారణంగా జీవితాంతం పడదు. చాలా తక్కువ మోతాదు చాలు.

అందరికీ ఇలా కాదు. చాలామంది ఏళ్ళ తరబడి రాసుకున్నా ఏమీ కాదు. "మా నాన్నగారు నలభై ఏళ్ళు వాడారు, ఏమీ కాలేదు" అనేవారి మాట నిజమే. కాని సెలూను యజమాని సంగతి ఆలోచించండి. మాష్టారి చెంపకు వారానికి రెండుసార్లు తగిలే లోషను ఆయన చేతులకు రోజుకు ఎన్నిసార్లు తగులుతుంది? దానికి తోడు సబ్బునురుగు, తడి, కత్తిగాట్లు. మంగలి పనివారిలో చేతుల చర్మం పగిలి పొక్కడం ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాసన మారిందని బాధపడేవారొకరు, మారకపోతే బాధపడేవారింకొకరు. రెండోవారి మాట చర్చలో అంతగా వినబడదు.

ఐరోపా దేశాల సమాఖ్య 2017లో ఈ రెండు అణువులనూ నిషేధించింది. 2019 ఆగస్టు తరువాత అవి ఉన్న కొత్త సరుకును మార్కెట్టులోకి తేకూడదు. 2021 ఆగస్టు తరువాత పాత నిల్వలను కూడా అమ్మకూడదు. ఇప్పుడు ఓక్‌మాస్ వాడదలచినవారు ఆ రెండింటినీ తీసివేసిన సారాన్ని వాడుతున్నారు. కొంత అడుగు వాసన తగ్గుతుంది, ఆ లోటు వేరే పదార్థాలతో పూడుస్తారు. బెల్లం తగ్గించి పంచదార వేసిన తొక్కుడు లడ్డూ లాంటిదనుకోండి. లడ్డూయే, కాని బందరువాడు పసిగడతాడు.

కౌమారిన్ గురించి ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు పోదాం. అమెరికాలో బూజుపట్టిన ఒక రకం ఎండుమేత తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చనిపోయేవి. మేతలోని కౌమారిన్‌ను బూజు మరొక పదార్థంగా మార్చడమే కారణమని తేలింది. ఆ దారి పట్టుకునే ఎలుకలమందు వార్ఫరిన్ వచ్చింది. మన వరిచేల గట్ల మీద ఎలుకల కన్నాల దగ్గర పెట్టే బ్రోమాడయొలోన్ కూడా ఆ వంశానిదే. భయపడకండి, లోషనులోని కౌమారిన్ ఎలుకలమందు కాదు. చుట్టరికం ఉన్నంత మాత్రాన గుణం ఒకటి కానక్కరలేదు.

కస్తూరికి మారుపేర్లు

పరిమళం మార్చడానికి చర్మం ఒక్కటే కారణం కాదు. మన పూర్వులు వాడిన పరిమళాల్లో గంధం, కర్పూరంతో పాటు కస్తూరి, పునుగు ఉండేవి. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత స్వామివారికి పునుగు తైలం పూస్తారని మీరు వినే ఉంటారు. పునుగు అనేది పునుగుపిల్లి గ్రంథుల నుంచి వస్తుంది. కస్తూరి హిమాలయాల్లోని మగ కస్తూరిమృగం పొట్ట దగ్గరి సంచిలో ఉంటుంది. ఒక్కొక్క సంచిలో దొరికేది సుమారు 25 గ్రాములు. దానికోసం జంతువును చంపేవారు. కస్తూరిమృగాలు తరిగిపోవడంతో మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వేటను నిషేధించింది. ఇక అసలు కస్తూరితో లోషను చేయడమన్న మాటే లేదు.

మరి బదులేమిటి? 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు టి.ఎన్.టి. వంటి పేలుడు పదార్థాల మీద పని చేస్తుండగా కస్తూరి వాసన గుప్పుమంది. ఆయన వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఆ జాతి కృత్రిమ కస్తూరులు చవకగా వచ్చి సబ్బుల్లోకి, పరిమళాల్లోకి దూరిపోయాయి. అసలు కస్తూరి అణువు ఎలా ఉంటుందో మాత్రం 1926 దాకా తెలియలేదు. లియొపోల్డ్ రుజిచ్కా ఆ ముడి విప్పాడు. కస్తూరిలోది 15 కర్బన పరమాణువుల వలయం, పునుగులోది 17 కర్బన పరమాణువుల వలయం. ఎనిమిదికి మించిన వలయాలు నిలవవని అప్పటి రసాయన శాస్త్రజ్ఞుల నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక పిల్లి, ఒక జింక కలిసి తప్పని రుజువు చేశాయి! రుజిచ్కాకు 1939 నోబెల్ బహుమానంలో భాగం దక్కింది.

బావర్ దారిలో వచ్చిన కస్తూరుల్లో మస్క్ అంబ్రెట్ అనేది ఒకటి. 1970ల చివరలో మగవారి పరిమళాలు వాడేవారిలో కొందరికి ఎండ తగిలిన చోట మాత్రమే చర్మం పొక్కడం వైద్యులు గమనించారు. నేరస్థుడు మస్క్ అంబ్రెటే. అది నరాలకూ చెరుపు చేస్తుందని జంతువుల మీద పరీక్షల్లో తేలింది. ఐరోపాలో 1995లో దానిని నిషేధించారు. దాని స్థానంలోకి గలాక్సొలైడ్ వంటి వేరే జాతి కస్తూరులు వచ్చాయి. చూశారా? మాష్టారు యౌవనంలో "అసలు వాసన" అనుకున్నదే అంతకుముందు తరానికి నకిలీ. వారి తాతగారు బతికి ఉంటే ముక్కు విరిచేవారు.

ముక్కుల్లో తేడా

ఇంతవరకు సీసా సంగతి. ఇప్పుడు ముక్కు సంగతి. మన ముక్కు పై భాగంలో వాసనలను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలున్నాయి. వాటి జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు. 2004లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. ఈ జన్యువులు అందరికీ ఒకేలా ఉండవు. గలాక్సొలైడ్ వాసన కొందరికి బొత్తిగా తెలియదు. ఒక గ్రాహకం జన్యువులోని తేడా దీనికి కారణమని 2022లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అంటే ఒకే సీసా ముందు కూర్చున్న ముగ్గురిలో ఒకరికి దాని అడుగు వాసన ఉన్నట్టే తెలియకపోవచ్చు! వారి దృష్టిలో అది "పలచని" పరిమళం. మరి వారిది భ్రమ అందామా?

అరవై దాటిన తరువాత చాలామందికి ఘ్రాణశక్తి తగ్గుతుంది. 2020లో కరోనా సోకినవారెందరో వాసన తెలియక బెంబేలెత్తిన సంగతి మీ ఇంట్లోనే ఎవరో చెప్పి ఉంటారు. వీటికి తోడు జ్ఞాపకం ఉంది. వాసన కబురు మెదడులో ఉద్వేగాలను, జ్ఞాపకాలను చూసే భాగాలకు చాలా దగ్గరి దారిన చేరుతుంది. చూపుకు, వినికిడికి అంత దగ్గర దారి లేదు. మాష్టారు వెతుకుతున్నది లోషను వాసన ఒక్కటేనా, లేక తొలి ఉద్యోగంలో చేరిన రోజు ఉదయమా? ఆయన్ని అడిగినా చెప్పలేరేమో.

అయితే కుర్రవాడు చెప్పిన పాత సీసాతో పోల్చి చూస్తే సరిపోదా? సరిపోదు. ఆరేసిన పంచె మరగకుండానే ఆరిపోతుంది కదా, పరిమళం కూడా అలాగే ఆవిరవుతుంది. తేలికైనవి ముందు, బరువైనవి తరువాత. లోషనులోని ఆల్కహాలు 78 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది, నిమ్మజాతి తొక్కల్లోని లిమొనీన్ 176 దగ్గర, కౌమారిన్ సుమారు 300 దగ్గర. చెంప మీద మొదట గుప్పుమని పోయేది నిమ్మ, సాయంత్రం దాకా మిగిలేది కౌమారిన్. బీరువా మీద ఏళ్ళ తరబడి రోహిణీకార్తెలు చూసిన సీసాలో నిమ్మ వాసన గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోతుంది, ఘాటైన వాసనలు పైకి తేలతాయి. కుర్రవాడు "ఒకటే ఘాటు" అన్నది అందుకే కావచ్చు. అది పాత పరిమళం కాదు, ముసలిదైన పరిమళం. చెడిన లిమొనీన్ చర్మానికి తాజాదానికంటే ఎక్కువగా పడదు కూడా. పాత సీసాను ముఖానికి పూసుకోకండి.

ఫ్రాన్సులో వెర్సాయి పట్టణంలో 1990 నుంచి పరిమళాల భాండాగారం ఒకటుంది. పేరు ఓస్మోతెక్. అక్కడ సీసాలను చీకట్లో, 12 డిగ్రీల చల్లదనంలో, గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపి దాస్తారు. పోయిన పరిమళాలను పాత పద్ధతి కాగితాల ప్రకారం మళ్ళీ తయారుచేసి ఉంచుతారు, అమ్మరు. 1882 నాటి ఫూజేర్ రోయాల్ కూడా అక్కడ అలా బతికి ఉంది.

వెర్సాయి దాకా పోలేని మనం పామర్రులోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఒకే పేరుతో కొంతకాలం తేడాతో కొన్న రెండు సీసాలు సంపాదించండి. లోషనే కానక్కరలేదు, పౌడరైనా తలనూనైనా సరే. మూడు అద్దుడు కాగితం ముక్కలు తీసుకుని రెండింటికి ఒక సీసాలోది, మూడోదానికి రెండో సీసాలోది ఒక్కొక్క చుక్క వేయండి. దగ్గరలో దీపం, పొయ్యి ఉండకూడదు, లోషనులోని ఆల్కహాలు అంటుకుంటుంది. వాసన చూసేవారి కళ్ళకు గుడ్డ కట్టి "మూడింటిలో వేరైనది ఏది?" అని అడగండి. కాగితాలు తయారుచేసినవారు ఒకరు, అందించేవారు మరొకరు అయితే మంచిది. అందించేవారికి జవాబు తెలిస్తే వారి గొంతే చెప్పేస్తుంది. ప్రతిసారి కాగితాల వరుస మార్చండి, మధ్యలో రెండు మూడు నిమిషాలు ముక్కుకు విశ్రాంతి ఇవ్వండి.

గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి జవాబు సరిపోతుంది. 12 సార్లలో 4 సరైనవి వస్తే ఏమీ తేలనట్టే. 8 గాని అంతకు మించి గాని వస్తే, కేవలం అదృష్టం వల్ల అలా జరిగే అవకాశం నూటికి రెండుకంటే తక్కువ. అప్పుడు "ఇదివరకటి వాసన కాదోయ్" అన్న మాటను మనం ఒప్పుకోవాలి. తేడా ఉందని మాత్రమే సుమా! ఏది బాగుందన్నది వేరే ప్రశ్న. దానికి రెండే కాగితాలిచ్చి పేర్లు చెప్పకుండా పదిమందిని అడగాలి.

పరీక్షకు ముందు తాతగారి అనుమతి అడగడం మరచిపోకండి. ఆ పాత సీసాలో మిగిలినవి నాలుగు చుక్కలే కావచ్చు.